పాత పట్టుకు పసుపు పరీక్ష

పాత పట్టుచీరలు కొంటామని కేకేసుకుంటూ వీధిలోకి వచ్చే బేరగాడు చీర అందం చూడడు. అంచు తిప్పి చూస్తాడు, జరీని గోటితో గీకుతాడు, తూకం వేస్తాడు. కాలిస్తే మిగిలే వెండికే అతను డబ్బిచ్చేది. ఇంట్లోవాళ్ల లెక్క వేరు. వాళ్లకు కావలసింది అమ్మమ్మ పెళ్లినాటి చీర, చీరగానే. కానీ బీరువా అడుగున ఏళ్ల తరబడి ఉన్న ఆ చీరను ఏం చెయ్యాలో తేలదు. నీళ్లు తగిలితే పోతుందని ఒకరంటారు, ఉతక్కుండా ఉంచితే చీకిపోతుందని ఇంకొకరంటారు. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. ఏ చీరకు ఏ మాట వర్తిస్తుందో తేల్చడానికి కాస్త రసాయనశాస్త్రం, ఇంట్లో ఉండే పసుపు, కుంకుడుకాయలు సరిపోతాయి.

ఖమ్మం జిల్లా తల్లాడ ఇలాంటి చర్చకు తగిన ఊరు. వైరా నుంచి వచ్చే రోడ్డు తల్లాడ సెంటర్లో చీలుతుంది. ఒకటి సత్తుపల్లి వైపు, రెండోది ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు, అక్కణ్నుంచి భద్రాచలం అడవుల్లోకి. పట్టును కష్టపెట్టేవన్నీ ఈ నేల మీద ఉన్నాయి. వేసవిలో 45 డిగ్రీల దాకా పోయే ఎండ, ఆ వెంటనే వారాల తరబడి పట్టే ముసురు, సబ్బు నురగ రానివ్వని బోరు నీళ్లు. వీటికి విరుగుడూ ఇక్కడే దొరుకుతుంది. కోయ, కొండరెడ్డి కుటుంబాలు అడవిలో ఏరి తెచ్చే ఫలసాయాల్లో కుంకుడుకాయ ఒకటి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో దానికీ చోటుంది.

గొలుసులు తెగడమే చీకిపోవడం

పట్టుపురుగు గూడు కట్టుకునేటప్పుడు ఒకేసారి రెండు సన్నటి పోగులు వదులుతుంది. ఆ పోగుల పదార్థం ఫైబ్రాయిన్, రెంటినీ అతికి ఉంచే జిగురు సెరిసిన్. పచ్చిపట్టులో జిగురే పావు వంతు దాకా ఉంటుంది. దాన్ని వేడి సబ్బునీళ్లలో వదిలిస్తేనే మెత్తదనం, మెరుపు బయటపడతాయి. ఆ మెరుపుకు కారణం పోగు ఆకారం. అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే అది గుండ్రంగా ఉండదు, మూడు మూలలుగా కనిపిస్తుంది. చదునైన ఆ పక్కల మీద పడ్డ వెలుతురు చెదిరిపోకుండా వెనక్కి వస్తుంది.

ఫైబ్రాయిన్ ఒక ప్రోటీన్. గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే మూడు చిన్న అమైనో ఆమ్లాలే అందులో నూటికి 80 పాళ్లకు పైగా ఉంటాయి. చిన్నవి కాబట్టి వాటి గొలుసులు ఒకదాని పక్కన ఒకటి బిగువుగా ఇముడుతాయి. ఈ అమరికను మార్ష్, కోరీ, పౌలింగ్ అనే శాస్త్రవేత్తలు 1955లో ఎక్స్-రేల సాయంతో వివరించారు. పట్టు బలమంతా ఈ బిగువైన భాగాలదే. వాటి మధ్య వదులుగా ఉండే భాగాలూ కొన్ని ఉంటాయి. నీళ్లు, రంగు, చెమట, సబ్బు లోపలికి దూరేది అక్కడే. ఏళ్లు గడిచే కొద్దీ గొలుసులు అక్కడక్కడ తెగి పొట్టివైపోతాయి. చీర చీకిపోయిందని మనం అనేది దీన్నే. తెగిన గొలుసును అతికించే షాంపూ గానీ, పాలిష్ గానీ లేదు. మనం చెయ్యగలిగిందల్లా మిగిలినవి తెగకుండా చూసుకోవడం.

పట్టు ఈ లెక్కన జుట్టుకు దూరపు చుట్టం. రెండూ ప్రోటీన్లే, ఒకదానికి పడనివి చాలావరకు రెండోదానికీ పడవు. మొదటి శత్రువు క్షారం. చాకలి సోడా, బట్టల సబ్బు బిళ్ల, సర్ఫు పొడులు ఎక్కువగా క్షార గుణమున్నవే. తెల్లబట్టలకు వాడే క్లోరిన్ బ్లీచింగు అన్నిటికన్నా ప్రమాదం, అది పట్టును ఏకంగా కరిగించేస్తుంది. మరకలను తినేసే ఎంజైమ్‌లున్నాయని చెప్పుకునే డిటర్జెంట్లూ వద్దు. రక్తం, గుడ్డు మరకల్లోని ప్రోటీన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ చీరలోని ప్రోటీన్‌నూ వదిలిపెట్టదు.

రెండో శత్రువు వెలుతురు. ఫైబ్రాయిన్‌లో కొద్దిపాటిగా ఉండే టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని విరిగిపోతాయి. తెల్లపట్టు పసుపుబారేది అందుకే. దారాలన్నిట్లో ఎండకు తొందరగా బలం పోగొట్టుకునేవాటిలో పట్టు ఒకటి. మ్యూజియంలలో పాత పట్టుబట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వరు. మన మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్. అహ్మదాబాద్‌లో 1949లో మొదలైన కాలికో వస్త్ర మ్యూజియం గదులు మసకగా ఉండేది చూపరులను విసిగించడానికి కాదు.

మూడోది చెమట. ఒంటి మీద పుట్టినప్పుడు చెమట కొద్దిగా ఆమ్లంగా ఉంటుంది. బట్టలో నిలవుంటే సూక్ష్మజీవులు అందులోంచి అమ్మోనియా తయారుచేసి దాన్ని క్షారంగా మారుస్తాయి. ఉప్పు పోగుల్లోనే మిగిలిపోతుంది. చీర బాగానే ఉన్నా పట్టు జాకెట్టు చంకల దగ్గర ముందు పిగిలిపోవడానికి కారణం ఇదే.

ఎర్రనీళ్లు చెప్పే సంగతి

పెళ్లింట హారతి పళ్లెంలో పసుపునీళ్లలో చిటికెడు సున్నం వేస్తారు. నీళ్లు చూస్తుండగానే ఎర్రబడతాయి. కొత్త జంటకు దిష్టి తీసే ఆ ఎర్రనీళ్లు నిజానికి ఒక ప్రయోగశాల పరీక్ష. పసుపులోని కర్కుమిన్ అనే రంగు ఆమ్లంలోనూ, మామూలు నీళ్లలోనూ పచ్చగానే ఉంటుంది. పీహెచ్ విలువ 8 దాటితే, అంటే క్షారం తగిలితే, ఎరుపెక్కుతుంది.

దీన్నే సబ్బుల మీద ప్రయోగించవచ్చు. తెల్ల కాగితం మీద పసుపు ముద్ద పలచగా పూసి ఆరనివ్వాలి. ఏ సబ్బుతో చీర ఉతకాలనుకుంటున్నారో దాన్ని కొంచెం నీళ్లలో కరిగించి ఆ కాగితం మీద ఒక చుక్క వెయ్యాలి. ఎర్రమచ్చ పడితే ఆ సబ్బు పట్టుకు పనికిరాదు. బట్టల సబ్బు, వాషింగ్ సోడా ఇక్కడే పట్టుబడతాయి. కుంకుడు రసం చుక్క వేస్తే కాగితం పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే అది కాస్త ఆమ్లం వైపు ఉంటుంది. పట్టు ఓర్చుకునేదీ అటువైపే. పసుపు పరీక్షకు ఒక హద్దుంది. అది క్షారాన్ని పట్టిస్తుంది గానీ ఎంజైమ్‌లను, బ్లీచింగును పట్టించలేదు. వాటి కోసం ప్యాకెట్ మీద రాసింది చదవాల్సిందే.

కుంకుడు తొక్కలో ఉండేవి సాపోనిన్లు. వీటి అణువుకు ఒక కొస నీటిని, ఇంకో కొస జిడ్డును పట్టుకుంటుంది. సబ్బూ చేసే పని అదే. తేడా బోరునీళ్లలో బయటపడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, అది పోగుల మధ్య చేరి మెరుపును చంపుతుంది. కుంకుడు రసం అలాంటి తెట్టు కట్టదు. మన దేశపు మ్యూజియం నిపుణులు పాత బట్టలను శుభ్రం చెయ్యడానికి కుంకుడు జాతి కాయలను వాడిన అనుభవమూ ఉంది. దీనికీ ఒక లోపముంది. రసానికి గోధుమరంగు ఉంటుంది కాబట్టి తెల్ల, మీగడరంగు పట్టు మీద చాయ మిగలవచ్చు. కాయలను మరిగించి చిక్కటి రసం తీస్తే ఆ రంగు ఇంకా ఎక్కువ. తొక్కలను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టిన రసం చాలు.

ఉతకాలా, వద్దా

నీళ్లు తగలకముందే మూడు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది బలం. చీరను మడత విప్పి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే మడతల వెంట సన్నటి గీట్లు, చీలికలు కనిపిస్తాయేమో చూడాలి. కొంగు కుచ్చుల్లోంచి ఒక పోగు తీసి లాగితే సాగి తెగాలి. పొడిలా విరిగితే ఆ చీరకు నీళ్లు వద్దు. మంచి పట్టు కూడా తడిసినప్పుడు నూటికి 15 పాళ్ల దాకా బలం కోల్పోతుంది. అసలే బలహీనపడ్డది తన తడి బరువుకే చిరిగిపోతుంది.

రెండోది రంగు. తెల్ల నూలుగుడ్డను తడిపి, చీరలోని ఒక్కో రంగు మీద కనపడని చోట అయిదు నిమిషాలు అదిమి పట్టాలి. గుడ్డకు ఏ మాత్రం రంగంటినా ఆ చీరను ఇంట్లో తడపకూడదు. ముదురు అంచు, లేత మధ్యభాగం ఉన్న చీరల్లో, తెల్లగీతల పోచంపల్లి చిటికీ చీరల్లో ఈ పరీక్ష తప్పనిసరి. ఉప్పునీళ్లలో ముంచితే రంగు నిలుస్తుందనే నమ్మకం చాలా ఇళ్లల్లో ఉంది. పోయే రంగును ఉప్పు కట్టెయ్యలేదు. పైగా పోగుల్లో మిగిలి చెమ్మను పీలుస్తుంది, జరీని నల్లబరుస్తుంది.

మూడోది చీర కూర్పు. గద్వాల చీరలో మధ్యభాగం నూలు, అంచూ కొంగూ పట్టు. తడిస్తే రెండూ ఒకేలా కుంచించుకోవు, కలిసిన చోట ముడతలు పడతాయి. అడవి పట్టు దారి ఇంకోటి. మహాదేవపూర్, చెన్నూరు వైపు మద్దిచెట్ల మీద పెంచే దసలి పురుగు పోగు చదునుగా, ముతకగా, తేనెరంగులో ఉంటుంది. దాని మీద నీటిచుక్క పడి ఆరితే మచ్చ కనపడుతుంది. తడిపితే చీర మొత్తాన్నీ తడపాలి, లేదా అసలు ముట్టుకోకూడదు.

ఈ మూడింట్లో ఏది తప్పినా డ్రై క్లీనింగ్ వైపు చూస్తాం. అందులో వాడే పెర్‌క్లోరోఇథిలీన్ లాంటి ద్రావకాలు పోగును ఉబ్బించవు, అందుకే రంగు కారదు, కుంచించుకోదు. జిడ్డు బాగా వదులుతుంది. చెమట ఉప్పు మాత్రం ద్రావకంలో కరగదు, దానికి నీళ్లే కావాలి. యంత్రంలో తిరిగే డ్రమ్ము పాత పట్టుకు పెద్ద దెబ్బ కూడా. కాబట్టి డ్రై క్లీనింగ్ కూడా బలం మిగిలున్న చీరకే. పూర్తిగా చీకిన చీరకు మిగిలిన దారి దుమ్ము తియ్యడమే. చీర మీద సన్నటి దోమతెర ముక్క పరిచి, దాని మీంచి వాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ వేగంలో, గొట్టం ఆనకుండా తిప్పాలి. అది లేకపోతే మెత్తటి బ్రష్. పెట్రోలుతో ఇంట్లో శుభ్రం చేసే అలవాటు మాత్రం మానుకోవాలి. పొడి పట్టును రుద్దితే స్థిర విద్యుత్తు పుడుతుంది, పెట్రోలు ఆవిరికి ఆ నిప్పురవ్వ చాలు.

తొట్టిలో దించే పద్ధతి

పరీక్షలు నెగ్గిన చీరను ఉతికే రోజు మబ్బు లేని రోజై ఉండాలి, పని మాత్రం నీడలో జరగాలి. ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి. చీరకు కుట్టిన ఫాల్ నూలుదైతే అది వేరేగా కుంచించుకుంటుంది, ముందే విప్పడం మంచిది. పాత పిన్నులు మిగిలాయేమో వెతకాలి. తుప్పులోని ఇనుము పట్టు గొలుసులు తెగడాన్ని వేగిరం చేస్తుంది.

వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి అడుగున దోమతెర పరిచి, చీరను వదులు మడతలుగా దాని మీద పెట్టాలి. నీళ్లు చల్లగా లేదా చేతికి వేడి తెలియనంత గోరువెచ్చగా ఉంటే చాలు. ముందు ఉత్త నీళ్లలో నాననిస్తే ఉప్పు, దుమ్ము చాలావరకు వదులుతాయి. తరువాత పలచటి కుంకుడు రసంలో అయిదు నుంచి పది నిమిషాలు అరచేత్తో మెల్లగా అదమాలి, వదలాలి. రుద్దడం, బండకేసి కొట్టడం, పిండడం మూడూ నిషేధం. తడి పట్టును రుద్దితే పోగుల పైపొర పీచులుగా లేస్తుంది, ఆరాక ఆ చోట తెల్లగా, కాంతి లేకుండా కనిపిస్తుంది. చీరను ఎత్తవలసిన ప్రతిసారీ దోమతెర నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తాలి. బరువంతా తెర మీద పడుతుంది, పోగుల మీద పడదు.

నురగ పోయేదాకా నీళ్లు మార్చాలి. చివరి జాడింపు బోరునీళ్లతో కాకుండా ఊళ్లో వాటర్ ప్లాంటు నుంచి తెచ్చే క్యాను నీళ్లతో అయితే సున్నపు పొర మిగలదు. జరీ లేని పట్టుకైతే బకెట్ నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి ఆ నీళ్లలో ముంచి తియ్యవచ్చు. కొత్త పట్టు కట్టుకుని నడుస్తుంటే వినిపించే గరగర చప్పుడు ఆమ్లం తగిలిన పట్టుకే వస్తుంది. జరీ చీరకు ఇది వద్దు, జరీలో రాగి ఉంటే వెనిగర్ దాన్ని తినేస్తుంది.

ఆరబెట్టడానికి దండెం వద్దు. తెల్ల తువాళ్ల మధ్య చీరను పరిచి అదిమితే నీళ్లు తువాలు పీలుస్తుంది. తరువాత నీడలో, గాలాడేచోట బల్ల మీదో చాప మీద పరిచిన తెల్లదుప్పటి మీదో పరచాలి. ఇస్త్రీ తప్పదనుకుంటే తక్కువ వేడిలో, తిరగవేసి, మీద పలచటి నూలుగుడ్డ వేసి చెయ్యాలి. దుకాణాల్లో చేసే రోలింగ్, పాలిష్ కొత్త చీరకు నిగారింపు తెస్తాయి గానీ, గంజి పట్టించి లాగి బిగించే ఆ పని పాత చీర తట్టుకోలేదు.

జరీ నలుపు, పసుపు మరక

అసలు జరీ అంటే పట్టుపోగు చుట్టూ చుట్టిన సన్నటి వెండిరేకు, దాని మీద కంటికి కొలత అందనంత పలచటి బంగారు పూత. గాలిలోని గంధకపు వాయువులు వెండిని వెండి సల్ఫైడ్‌గా మారుస్తాయి, అదే ఆ నలుపు. అంటే నల్లబడ్డ పొర పైనుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు, మారిపోయిన వెండే. చింతపండుతోనో నిమ్మకాయతోనో టూత్‌పేస్టుతోనో తోమితే నలుపుతో పాటు బంగారు పూతా పోతుంది, కింది పట్టూ నలుగుతుంది. వెండి గిన్నెలకు వాడే అల్యూమినియం రేకు, వంటసోడా చిట్కా గిన్నెలకు మంచిదే. ఆ సోడా నీళ్లు క్షారం కనుక చీరకు మంచిది కాదు. జరీ నలుపును వయసుగా ఒప్పుకుని, ఇంకా పెరగకుండా చూసుకోవడం తెలివి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని బట్టలు గంధకపు ఆవిర్లు వదులుతాయి, వాటి పక్కన జరీని ఉంచకూడదు.

పెళ్లిచీర మీద పసుపు మరక లేకుండా ఉండదు. ఇళ్లల్లో జరిగే పెళ్లిళ్లలో తలంబ్రాల బియ్యానికి పసుపు కలుపుతారు, ఆ పసుపు కొంత కొంగు మీదే మిగులుతుంది. దాన్ని సబ్బుతో రుద్దితే మరక ఎర్రబడి గృహిణి గుండె ఝల్లుమంటుంది. మరక పెరగలేదు, సబ్బులోని క్షారం తన గుట్టు బయటపెట్టుకుంది. మంచినీళ్లతో బాగా జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. పసుపు, సున్నం కలిపి చేసే సంప్రదాయ కుంకుమదీ ఇదే కథ. కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, ఎండలో వెలుస్తుంది. ఎండ పట్టును పాడుచేస్తుందని చెప్పుకున్నాం కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. పాత పసుపు మరకను ఉండనివ్వడమే మేలు. దానివల్ల బట్టకు హాని లేదు. హాని చేసేవి కనపడని చెమట, పానకం, కూల్‌డ్రింకు మరకలు. ఆరాక వాటి జాడ తెలియదు, ఏళ్ల తరువాత గోధుమ మచ్చలై తేలతాయి, పురుగులనూ పిలుస్తాయి.

బీరువా లోపల

చీరను ఉతికిన దానికన్నా దాచిన తీరే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఒకే మడత మీద ఏళ్లపాటు ఉంటే ఆ గీత వెంటే పోగులు విరుగుతాయి, గట్టి జరీ అంచు పక్కనున్న పట్టును కోస్తుంది. వీలైతే లావాటి అట్టగొట్టానికి ఉతికిన నూలుగుడ్డ చుట్టి, దాని మీద చీరను చుట్టాలి. మడతే వెయ్యాలంటే మూడు నాలుగు నెలలకోసారి మడత గీత మార్చాలి, మడత లోపల గుడ్డ చుట్ట పెట్టాలి. చుట్టడానికి ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచెను మించింది లేదు. గంజి పెట్టిన గుడ్డను తినడానికి వెండిచేప పురుగులు వస్తాయి. ప్లాస్టిక్ కవరు చెమ్మను లోపలే బంధిస్తుంది. న్యూస్‌పేపరు సిరా, ఆమ్లం రెండూ బట్టకు ఎక్కుతాయి.

పట్టు తన బరువులో నూటికి 11 పాళ్ల నీటిని పట్టుకుని కూడా పొడిగానే అనిపిస్తుంది. ముసురు రోజుల్లో గాలిలో తేమ 70 శాతం దాటితే బూజు మొలుస్తుంది. మే నెల వడగాలికి అదే చీర పెళుసెక్కుతుంది. అందుకే చీరలు విప్పి చూసుకోవడానికి అనువైన కాలం వానలు వెనకబట్టిన దసరా, దీపావళి రోజులు. పట్టుచీరలు ఎండకు వేసే పాత అలవాటులో సగం నిలుపుకోవాలి. గాలి తగలనివ్వాలి, ఎండ తగలకూడదు.

కలరా ఉండలు నేరుగా బట్టకు తగలకూడదు. వాటితో పాటు కర్పూరం కూడా పెడితే ఇంకో చిక్కు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్, కర్పూరం కలిస్తే విడివిడిగా కన్నా చాలా తక్కువ వేడికే కరిగి జిడ్డు మచ్చలు వేస్తాయి, తల్లాడ వేసవికి ఆ వేడి లెక్కలోది కాదు. పురుగు పట్టిన చీరను గాలి చొరని కవరులో పెట్టి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. మ్యూజియంలు అనుసరించే పద్ధతి ఇదే. బయటికి తీశాక చలి పూర్తిగా తగ్గేదాకా కవరు విప్పకూడదు, లేకపోతే గాలిలోని చెమ్మ చీర మీద నీరుకడుతుంది.

పరికిణీ చెయ్యాలనుకుంటే

కొన్ని చీరలు చరిత్రగా విలువైనవి. వాటి మీద ఇంట్లో ప్రయోగాలు వద్దు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ ప్రయోగశాల ఉంది, లక్నోలో 1976 నుంచి జాతీయ పరిరక్షణ పరిశోధన ప్రయోగశాల పనిచేస్తోంది. మిగిలిన వాటిని మనవరాలికి పరికిణీగా కుట్టించడం మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కత్తెర పెట్టేముందు చీర ఎవరిది, ఏ పెళ్లికి, ఎక్కడ కొన్నది అని ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటే మంచిది. తరువాత బట్టను వెలుతురుకు పట్టి, మడతలు పడ్డ చోట్లు, నడుం దగ్గర చెమట తాకిన చోట్లు వదిలేసి, లోపలి కుచ్చిళ్లలో మరుగున ఉండి బలం నిలుపుకున్న ముక్కలనే ఎంచుకోవాలి. దర్జీకి ఒక్క మాట గట్టిగా చెప్పాలి: నడుం పట్టీ, కుచ్చిళ్ల బరువు, కుట్టు లాగే బలం అన్నీ లోపల వేసే నూలు లైనింగ్ మొయ్యాలి, పాత పట్టు దాని మీద ఊరికే పరుచుకుని ఉండాలి.